పచ్చబొట్టు ఎవరి గుర్తు?

సీతాకోకచిలుక అంటే స్వేచ్ఛ, ఈక అంటే ధైర్యం, పడుకోబెట్టిన ఎనిమిది అంకె అంటే అంతులేని ప్రేమ. ఇలా ఏ బొమ్మకు ఏ అర్థమో చెప్పే పట్టికలు పత్రికల మహిళా పేజీల్లోనూ, టాటూ దుకాణాల్లోనూ కనిపిస్తున్నాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ళలో కాలేజీ ఆడపిల్లలు వాటిని చూసి బొమ్మ ఎంచుకుంటున్నారు. మనలో కొందరు దీన్ని వేలంవెర్రి అని కొట్టిపారేస్తున్నారు. మరికొందరు శరీరం మీద స్త్రీ హక్కుకు ఇదే నిదర్శనమని మెచ్చుకుంటున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ బొమ్మ దగ్గరే ఆగిపోతున్నాయని నా ఉద్దేశం. పచ్చబొట్టు అర్థం బొమ్మలో ఉండదు. దాన్ని ఎవరు పొడిపించారు, ఎవరి కోసం పొడిపించారు, వద్దనుకున్ననాడు ఆమెకు దారేమిటి అన్న ప్రశ్నల్లో ఉంటుంది.

పచ్చబొట్టు మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో స్త్రీల జీవితాల మీద పనిచేస్తూ నేను కలిసిన పెద్దవయసు స్త్రీలలో చాలామందికి నుదుటి మీదో, గడ్డం మీదో, చెంప మీదో ఒక చుక్క ఉంది. ముంజేతుల మీద ముగ్గు చుక్కలు, తులసికోట, చిలక, తేలు ఉన్నాయి. తేలు ఉంటే విషం ఎక్కదని ఒకరు చెప్పారు. గడ్డం మీద చుక్క దిష్టి తగలకుండా అని ఇంకొకరు చెప్పారు. పచ్చబొట్టు నొప్పి ఓర్చుకోలేని పిల్ల రేపు పురుటినొప్పులేం ఓర్చుకుంటుందని తమ అమ్మలు అనేవారని చాలామంది గుర్తు చేసుకున్నారు. అంటే ఆ బొమ్మ అందం కోసమే కాదు, నోరెత్తకుండా నొప్పి భరించటం నేర్పే తొలి పాఠం కూడా. ఆడపిల్ల శరీరాన్ని కాపురానికీ, కాన్పుకూ సిద్ధం చేసే పద్ధతుల్లో అదొకటి. ఇందులో పితృస్వామ్యాన్ని చూడటానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

కానీ అదే స్త్రీలు ఇంకో మాట కూడా చెప్పారు. చచ్చిపోయినప్పుడు నగా నట్రా ఒలుచుకుంటారు, చీర కూడా తీసేస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం అత్తింటి బీరువాలోకి పోయి, అక్కడినుంచి భర్త అప్పులకో ఆడబడుచు పెళ్ళికో పోవటం మనకు తెలిసిందే. ఎవరూ తాకట్టు పెట్టలేని ఆస్తి, ఎవరూ ఒలుచుకోలేని నగ తమకు ఇదొక్కటే అని ఆ స్త్రీలు అనుకోవటంలో ఆస్తిహక్కు లేని బతుకు మీద గట్టి వ్యాఖ్యానం ఉంది.

నుదుటి మీది పచ్చబొట్టు సంగతి ఇంకా ఆలోచించదగ్గది. భర్త పోయిన స్త్రీకి పదోరోజున బొట్టు చెరుపుతారు, గాజులు పగలగొడతారు. పచ్చబొట్టును మాత్రం ఏ పదోరోజూ చెరపలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన విషయం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అంత పోరాటం అవసరమైన ప్రాంతంలోనే, కష్టం చేసుకు బతికే కులాల స్త్రీలు ఎవరూ చెరపలేని బొట్టుతో చివరిదాకా తిరిగారు. దీన్ని తిరుగుబాటు అనటం అతిశయోక్తి అవుతుంది. కానీ సంప్రదాయం వేసిన గుర్తే సంప్రదాయానికి అడ్డుపడిందని మాత్రం చెప్పుకోవాలి.

పేరు విషయానికి వద్దాం. మొగుడి పేరు నోటితో పలకకూడదు, చేతిమీద మాత్రం పొడిపించుకోవాలి! చదువురాని స్త్రీ చేతిమీద ఆమె చదవలేని అక్షరాల్లో అతని పేరు ఉంటుంది. తల్లి పేరు పొడిపించుకున్న మగవాళ్ళు కనిపిస్తారు, భార్య పేరు ఉన్న పెద్దవయసు మగవాళ్ళు నాకు అరుదుగానే కనిపించారు. గోదావరిలోనో కాలవలోనో గుర్తు తెలియని స్త్రీ శవం దొరికినప్పుడు జిల్లా పేజీల్లో వచ్చే వార్తలు గమనించండి. చీర రంగు తర్వాత రాసే ఆనవాలు చాలాసార్లు కుడిచేతి మీదో ఎడమచేతి మీదో ఉన్న పేరే. ఆ స్త్రీ ఎవరో ఆ పేరే చెప్పాలి. ఆ పేరుగలవాడి వల్లే ఆమె నీళ్ళలో పడిందా అన్నది తర్వాతెప్పుడో, ఎవరైనా అడిగితే తేలే విషయం.

ఇక పొడిచే చేతుల సంగతి. మన పల్లెల్లో పచ్చబొట్లు పొడిచినవాళ్ళలో ఎరుకల స్త్రీలు ముఖ్యులు. సోది చెప్పటం, బుట్టలల్లటంతో పాటు ఇదీ వాళ్ళ విద్య. మసిని గుంటగలగరాకు లాంటి ఆకుపసరుతో నూరి, సూదులు కట్టగట్టి పొడిచి, పైన పసుపు రాసేవారు. చర్మం కింద చేరిన నల్లటి మసి పైకి పచ్చగా కనిపిస్తుంది కాబట్టి దానికి ఆ పేరు. ఇంత విద్య ఉన్న ఈ జాతిని బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్తులంది. 1871లో వచ్చిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. చట్టం వేసిన ముద్ర మాత్రం ఇంకా పోలేదు. అంతర్వేది తీర్థంలోనైనా, జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనైనా ఇవాళ బ్యాటరీ మెషిను పెట్టుకు కూర్చునేవాడు మగవాడే. పట్నంలో ఏసీ గదిలో టాటూ కళాకారుడూ ఎక్కువగా మగవాడే. ఎరుకల స్త్రీ చేస్తే మోటు, యంత్రం చేస్తే కళ. స్త్రీల వృత్తికి విలువ వచ్చేసరికి అది స్త్రీల చేతుల్లో ఉండకపోవటం మనం ఎన్ని రంగాల్లో చూడలేదు!

రాజ్యం చేతిలో కూడా సూది ఉందని మరచిపోకూడదు. వలస పాలనలో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరాన్ని పచ్చ పొడిచేవారు. 1849లో ఆ శిక్షను రద్దు చేశారు. సరిగ్గా 144 ఏళ్ళ తర్వాత, 1993 డిసెంబరులో అమృత్‌సర్ పోలీసులు నలుగురు స్త్రీల నుదుళ్ళ మీద ‘జేబుదొంగ’ అని పంజాబీలో పొడిపించారు. ఆ కేసులో పోలీసు అధికారులకు శిక్ష పడింది 2016లో. ఇరవై మూడేళ్ళు! 1947 దేశ విభజనలో అపహరణకు గురైన స్త్రీల ఒంటిమీద అవతలి మతం నినాదాలు పొడిచిన సంగతి ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భసీన్‌ల పరిశోధనల వల్ల వెలుగులోకి వచ్చింది. కులం, మతం, ప్రభుత్వం, మొగుడు - ఎవరికి వారే స్త్రీ చర్మాన్ని తమ పలక అనుకున్నారు.

ఇది పాత కథ అనుకోవటానికి వీల్లేదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’లో నాయకుడు నాయికకు తెలియకుండా ఆమె చేతిమీద బొమ్మ గీస్తాడు. యుద్ధం చేసే స్త్రీని ఆమె ప్రమేయం లేకుండానే తనకు కావలసిన ఆడదానిగా మార్చుకుంటాడు. విమర్శకురాలు అన్నా ఎం.ఎం. వెట్టికాడ్ ఆ సన్నివేశాల్ని అత్యాచారంగా పేర్కొంటూ రాస్తే ఆమె మీద పెద్ద దుమారం రేగింది. అది చూసి చప్పట్లు కొట్టిన కుర్రాడు, ప్రేమిస్తే నా పేరు పొడిపించుకో అని పట్టుబట్టటంలో ఆశ్చర్యమేముంది? కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసే మిత్రులు ఇలాంటి అనుభవాలు నాతో చెప్పారు. అనుమానంతో భార్యను దుకాణానికి లాక్కెళ్ళి తన పేరు వేయించినవాళ్ళున్నారు. చేయించుకోనంటే ప్రేమ లేదని, చేయించుకుంటే ఇక ఎక్కడికీ పోలేవని. దీన్ని ప్రేమ చిహ్నాల పట్టికలో ఎక్కడ పెడదాం?

అయితే భయపడి పిల్లలకు పచ్చబొట్టే వద్దని నీతులు చెప్పటం నాకు సమ్మతం కాదు. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టటాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అలాంటి చోట ఒక దళిత అమ్మాయి ముంజేతిమీద ‘జై భీమ్’ అని రాయించుకుంటే అది ఫ్యాషను కాదు, కులం దాచుకోమనే సమాజానికి చెప్పే జవాబు. ఆత్మహత్య ఆలోచనల్లోంచి బయటపడ్డవాళ్ళు మణికట్టు మీద సెమీకోలన్ వేయించుకోవటం 2013లో అమెరికాలో మొదలైంది. వాక్యం ముగిసిపోలేదని దానర్థం. ఇవి తమకోసం తాము వేసుకున్న గుర్తులు. మనం కాపాడవలసింది ఆ నిర్ణయాన్నే.

అందుకని కార్యకర్తలకు కొన్ని సూచనలు. ఒకటి, బలవంతంగా పొడిపించిన పచ్చబొట్టును ముచ్చటగా కాక హింసగా నమోదు చెయ్యాలి. 2005 గృహహింస చట్టం శారీరక హింసనూ, మానసిక హింసనూ రెంటినీ గుర్తిస్తుంది. గృహహింస నివేదిక రాసేటప్పుడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పొడిపించారో రాయించాలి. ఇష్టానికి వ్యతిరేకంగా నొప్పి కలిగించటం భారతీయ న్యాయ సంహిత కింద కూడా నేరమే.

రెండు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే ఆడపిల్లలకు నిబంధనలు ముందే చెప్పాలి. కేంద్ర సాయుధ బలగాల్లో ఎడమ ముంజేతి లోపలి వైపో, అరచేతి వెనకో ఉన్న పచ్చబొట్టునే అనుమతిస్తారు. అదీ ఆ భాగంలో నాలుగోవంతుకు మించకూడదు. ప్రియుడి పట్టుదల వల్ల కుడిచేతిమీద పడ్డ పేరు ఆమె ఉద్యోగాన్నే మింగెయ్యగలదు.

మూడు, సూది. ఒకరికి వాడిన సూది, ఒకే రంగుగిన్నె ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి సోకే ప్రమాదముంది. తీర్థాల్లో తిండి దుకాణాల మీద ఉన్నపాటి తనిఖీ అయినా ఈ దుకాణాల మీద ఉండాలని పంచాయతీల్ని, ఆరోగ్యశాఖను అడగాలి. వయసు చూడకుండా పిల్లలకు పొడవటాన్ని ఆపించాలి.

నాలుగు, చెరిపించుకునే హక్కు. లేజరుతో తీయించటం ఒక్కసారితో అయ్యే పని కాదు, అందరికీ అందే ఖర్చూ కాదు. హింసించినవాడి పేరు మోస్తూ తిరిగే స్త్రీకి ప్రభుత్వ బోధనాసుపత్రుల చర్మ విభాగాల్లో ఉచితంగా ఆ చికిత్స అందించాలని మనం డిమాండ్ చెయ్యాలి. విడాకుల కాగితం చేతికొచ్చినా, ఆ చేతిమీదే అతని పేరు ఉంటే ఆమెకు దక్కింది సగం విడుదలే.