పట్టిన బ్రేకు వదలకపోతే



మన కృష్ణా డెల్టా ఊళ్ళలో పాత కారు ఉన్న ఇళ్ళు చాలా కనబడతాయి. ఇంటి పెద్ద ఉద్యోగములో ఉన్న రోజుల్లో కొన్న మారుతీ 800 గాని, అంతకు ముందు తరము వారి అంబాసిడర్ గాని వరండా ప్రక్కన పట్టా కప్పుకొని నిలిచి ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. క్రిస్మస్‌కో సంక్రాంతికో వారు వచ్చినప్పుడు బ్యాటరీ ఛార్జి చేయించి, టైర్లలో గాలి పట్టించి, పిల్లా పెద్దా అందరూ ఎక్కి బయలుదేరతారు. ఇంజను స్టార్టయితే బండి బాగున్నట్టేనని మనలో చాలామంది అనుకుంటారు. ఈ మాసము మనము ముందు చక్రము లోపల, కంటికి కనబడని చోట తుప్పుపట్టి బిగుసుకుపోయే బ్రేకు కాలిపర్ గురించి మాటలాడుకుందము.

కాలిపర్ అంటే ఏమిటో తెలియాలంటే సైకిలు బ్రేకును గుర్తు తెచ్చుకొనండి. రెండు రబ్బరు కట్టలు రెండు వైపుల నుండి రిమ్మును నొక్కి పట్టుకుంటాయి గదా! డిస్కు బ్రేకు పని కూడ అటువంటిదే. చక్రముతో పాటు తిరిగే ఒక ఇనుప పళ్ళెమును రెండు పాడ్లు అటూ ఇటూ నొక్కుతాయి. ఆ పాడ్లను పట్టుకొని ఉండే ఇనుప పిడికిలే కాలిపర్. పెడలు త్రొక్కగానే బ్రేకు ఆయిల్ ఒత్తిడి కాలిపర్‌లోని పిస్టన్‌ను ముందుకు నెట్టుతుంది. పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు ఆ సీలు కొద్దిగా మెలిపడుతుంది. కాలు తీయగానే తన రూపమునకు తిరిగి వచ్చుచు పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనుకకు లాగుతుంది. బ్రేకు వదలడమంటే ఆ వెంట్రుకవాసి కదలికే. పిస్టన్ మీద ఆవగింజంత తుప్పు పుట్టినా అది ఆగిపోవచ్చును.

ఈ డిస్కు బ్రేకు ఆలోచన క్రొత్తది కాదు. ఇంగ్లాండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకొన్నాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెములో జాగ్వార్ కార్లు ఈ బ్రేకులతోనే గెలిచిన తరువాత లోకము దాని విలువ గుర్తించింది. మన దేశములో సామాన్య కుటుంబము దగ్గరకు దానిని తెచ్చిన బండ్లలో ముఖ్యమైనది మారుతీ 800. 1980ల చివరి నుండి వచ్చిన ఆ కార్లకు ముందు చక్రములకు డిస్కులు, వెనుక చక్రములకు డ్రమ్ములు ఉన్నాయి. అంబాసిడర్ మాత్రము చాలా కాలము నాలుగు చక్రములకూ డ్రమ్ములతోనే నడచి, చివరి కాలపు నమూనాలలో ముందు డిస్కులకు మారింది. 2014 జనవరిలో మారుతీ 800, అదే సంవత్సరము మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాయి. కనుక ఈ రకపు కార్లలో అన్నిటికంటె చిన్నదానికి కూడ పదేళ్ళు నిండినవి.

మరి కాలిపర్ ఎందుకు బిగుసుకుంటుంది? మొదటి శత్రువు బ్రేకు ఆయిల్‌లోనే ఉన్నది. ఆయిల్ అని పిలుస్తాము గాని అది నూనె కాదు, గ్లైకాల్ జాతికి చెందిన ద్రవము. వానాకాలములో ఉప్పు జాడీ మూత తీసి ఉంచితే ఎలా చెమ్మగిల్లుతుందో, ఇది కూడ గాలిలోని తేమను అలాగే పీల్చుకుంటుంది. ఆ నీరు లోపల చేరి ఇనుమును తినివేస్తుంది. రెండవ శత్రువు బయట నుండి వస్తుంది. పిస్టన్‌కు ధూళి తగలకుండ ఉండే రబ్బరు బూటు చిట్లితే అందులో నుండి వర్షపు నీరు, బురద, బందరు వైపున సముద్రపు ఉప్పుగాలి లోపలికి పోతాయి. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నులలో గ్రీజు ఎండిపోవడము మూడవ కారణము.

బండి ఎక్కువ కాలము నిలిచి ఉంటే ఈ మూడింటికీ మంచి అవకాశము దొరుకుతుంది. వరద నీరు తగిలితే ఇక చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదటి వారములో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించినప్పుడు, ఎన్నో వాహనములు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అటువంటి బండికి ఇంజను ఆయిల్ మార్చి, సీట్లు ఎండబెట్టి ఊరుకొనకూడదు. నాలుగు చక్రములూ విప్పి, బ్రేకులలో చేరిన ఒండ్రు కడిగించవలెను.

బ్రేకు వదలకపోతే బండి కొంచెము బరువుగా నడుస్తుంది, అంతే గదా అని కొందరు తేలికగా తీసుకుంటారు. అసలు ప్రమాదము ఇక్కడే ఉన్నది. పాడు డిస్కును ఒరుసుకుంటూనే ఉంటే వేడి పుడుతుంది. ఆ వేడి కాలిపర్ గుండా ఆయిల్‌కు చేరుతుంది. డాట్ 3 రకపు క్రొత్త ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణము. నూటికి నాలుగు పాళ్ళకు కొంచెము తక్కువగా నీరు చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవము నొక్కితే ఒత్తిడి చక్రమునకు చేరుతుంది గాని, ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. అప్పుడు పెడలు నేల వరకు దిగిపోతుంది. ఉదయము వదలని బ్రేకు మధ్యాహ్నమునకు పట్టని బ్రేకు కావచ్చును. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క పల్లపు చేను ఉన్న మన గట్టు రోడ్ల మీద ఆ మాటకు అర్థమేమిటో వివరించనక్కరలేదు.

మాకు తెలిసిన ఒక కుటుంబము దివిసీమలో ఉన్నది. తండ్రి గతించి కొన్నేళ్ళయింది. ఆయన నడిపిన మారుతీని అమ్మడానికి తల్లికి మనసు రాలేదు. సెలవులకు వచ్చిన కుమారుడు ఆమెను, పిల్లలను ఎక్కించుకొని అవనిగడ్డ వైపు నుండి కరకట్ట మీదుగా విజయవాడ బయలుదేరాడు. తోట్లవల్లూరు దాటిన తరువాత వెనుక సీటులోని తల్లి, “ఏదో మాడు వాసన వస్తోందిరా అబ్బాయి” అన్నది. పొలములో గడ్డి కాలుస్తున్నారేమో అని అతడు మొదట అనుకొన్నాడు. ఆమె మరల అనేసరికి బండి ఆపి చూస్తే ఎడమ ముందు చక్రము దగ్గర సెగ కొడుతోంది. పెడలు త్రొక్కితే స్పాంజిలాగా మెత్తగా దిగింది. అతడు తెలివిగా బండి అక్కడే వదలి, అందరినీ ఆటోలో పంపి, కారును కట్టించి విజయవాడ ఆటోనగర్‌కు చేర్పించాడు. కాలిపర్ విప్పితే పిస్టన్ మీద తుప్పు పొక్కులు. “తిరిగి చెడిన బండి కాదండీ అమ్మగారూ, తిరగక చెడిన బండి” అన్నాడట మేస్త్రీ.

కావున దారిలో ఈ గుర్తులు కనిపెట్టండి. స్టీరింగు వదులుగా పట్టుకుంటే బండి ఒక ప్రక్కకే లాగుతుంది. న్యూట్రల్‌లో పెట్టినా త్వరగా ఆగిపోతుంది. పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. ఒక చక్రము రిమ్ము మీద మాత్రమే నల్లని పొడి ఎక్కువగా చేరుతుంది. మాడు వాసన వచ్చిన యెడల బండి ప్రక్కకు ఆపి, ప్రతి చక్రము దగ్గరకు అరచేయి తీసుకొనిపోయి సెగ చూడండి. డిస్కును ముట్టుకొనవద్దు. చల్లబరచుటకు నీళ్ళు పోయవద్దు. ఎర్రగా కాగిన ఇనుము మీద నీరు పడితే వంకర తిరుగుతుంది. చల్లారిన తరువాత నడుపుదామనుకొనక, మెకానిక్‌ను అక్కడికే పిలిపించుట మేలు.

మరమ్మతుకు వెళ్ళినప్పుడు మొదట దోషము ఎక్కడున్నదో తేల్చుకొనవలెను. చక్రమును జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చేతితో త్రిప్పి చూస్తారు. అది బిగిసి ఉన్నప్పుడే బ్లీడింగ్ నిపిల్ కొంచెము వదులు చేస్తారు. ఆయిల్ చిమ్మి చక్రము వదలితే కాలిపర్ దోషము కాదు. ఒత్తిడి వెనుకకు పోలేక నిలిచిపోయిందన్న మాట. రబ్బరు హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకున్నదో, మాస్టర్ సిలిండరు వదలడము లేదో చూడవలెను. నిపిల్ విప్పినా చక్రము వదలకపోతే పిస్టనో, జారే పిన్నులో పట్టేసినట్టు. ఈ చిన్న పరీక్ష చేయక కాలిపర్ మార్చి డబ్బు పోగొట్టుకొనేవారు ఉన్నారు.

ఇక బాగుచేయించాలా, క్రొత్తది వేయించాలా? పిన్నులు మాత్రమే పట్టేస్తే శుభ్రము చేసి సరియైన గ్రీజు పెడితే చాలును. సీలు, బూటు చెడితే కిట్టు మార్చవలెను. పిస్టన్ మీద సీలు ఆనే చోట గోరుకు తగిలే పొక్కులుంటే దానిని ఎమరీ కాగితముతో రుద్ది మరల వేయకూడదు. క్రొత్త పిస్టన్ వేయవలెను. కాలిపర్ గోడలోనే లోతైన గుంటలు పడినా, నిపిల్ విరిగి మరలు పోయినా మొత్తము మార్చుట మంచిది. మారుతీ 800 వంటి బండికి విడిభాగములు దొరుకుట కష్టము కాదు. అంతకంటె అరుదైన పాత బండి అయితే ఉన్న కాలిపర్‌నే జాగ్రత్తగా బాగుచేయించుకొనవలెను. తుక్కు బండి నుండి తీసిన కాలిపర్ చౌకగా వస్తే, దానిని విప్పి క్రొత్త సీళ్ళు వేయకుండ బిగించనీయకండి. అది కూడ ఎక్కడో నిలిచి ఉన్న బండిదే గదా!

సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, పిస్టన్‌ను బలవంతముగా లోపలికి నెట్టి, “వదిలిందండీ, తీసుకుపోండి” అనేవారు కొందరుంటారు. అది ఆ పూటకు వదులుతుంది. తుప్పు లోపలే ఉన్నది గనుక మరల పట్టేస్తుంది.

పని జరుగుచుండగా ప్రక్కన నిలుచున్నవారు కూడ కొన్ని సంగతులు చూచుకొనవచ్చును. విప్పిన కాలిపర్‌ను హోస్ పైపు మీద వ్రేలాడదీయక తీగతో కట్టవలెను. సీళ్ళకు పెట్రోలు, కిరసనాయిలు, మామూలు గ్రీజు తగలనీయకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. పాత పాడ్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక ఆ పొడిని గాలితో ఊదక తడి గుడ్డతో తుడవవలెను. పిల్లలను దూరముగా ఉంచండి. గాలి ఒత్తిడితో పిస్టన్ బయటకు తీసేటప్పుడు వ్రేళ్ళు అడ్డము పెట్టకూడదు. పాడ్లు ఒక ప్రక్క మాత్రమే మార్చక రెండు ప్రక్కలా మార్చవలెను. రెండవ కాలిపర్‌ను కూడ విప్పి చూడవలెను; దానికీ అదే వయస్సు, అదే తేమ. హోస్ బోల్టు దగ్గరి రాగి వాషర్లు క్రొత్తవి వేయవలెను. బిగించిన తరువాత నిపిల్ పై వైపునకు ఉన్నదో లేదో చూడండి. కుడి ఎడమలు తారుమారైతే నిపిల్ క్రిందికి వస్తుంది, లోపలి గాలి ఎంత బ్లీడింగ్ చేసినా బయటకు రాదు.

చివరగా పాత ఆయిల్ అంతా తీసివేసి, మూత మీద వ్రాసి ఉన్న రకమునే, సీలు విప్పని డబ్బా నుండి పోయించండి. బండి కదలకముందే పెడలు గట్టిపడే వరకు పలుమార్లు త్రొక్కవలెను. తరువాత ఖాళీ స్థలములో నెమ్మదిగా నడిపి, ఆపి, చక్రము సెగ మరల చూడవలెను.

ఇంటి దగ్గర చేయవలసినది పెద్ద ఖర్చు లేనిదే. వారమునకో పది రోజులకో ఒకసారి నమ్మకమైనవారి చేత పది కిలోమీటర్లు నడిపించి, బ్రేకు వాడించండి. బ్రేకు ఆయిల్ రెండేళ్ళకొకసారి మార్పించండి. చాలా రోజులు నిలపవలసి వస్తే హ్యాండుబ్రేకు వేయక, గేరులో ఉంచి చక్రములకు దిమ్మలు పెట్టండి. మంగినపూడి బీచికి వెళ్ళి వస్తే చక్రములు చల్లారిన తరువాత మంచినీటితో కడగండి.

పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషను పొడిగించుకొనుటకు ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ ఉన్నది. ఆ పరీక్ష కొరకే గాక, ఇంట్లోవారిని ఎక్కించుకొనే ప్రతి ప్రయాణము కొరకు బ్రేకులు చూపించుకొనండి. ఆ ఖర్చు పెట్టే ఓపిక లేని యెడల, నాన్నగారి జ్ఞాపకమని బండిని చెట్టు క్రింద నిలిపి ఏడాదికొకసారి పసిపిల్లలతో రోడ్డెక్కించుట కంటె, బాగా చూచుకొనేవారికి దానిని ఇచ్చివేయుట మంచిది.

వచ్చే మాసము, అరగకపోయినా వయస్సు మీరిన టైర్లను గుర్తించుట ఎలాగో తెలిసికొందము.