మంచాన పడ్డనాడు దిక్కెవరు?

వరికుంటపాడు మండలంలో ఏ పల్లెకు పోయినా పగటిపూట అరుగుల మీద కనిపించేది ముసలివారే. వాన కురిస్తేనే పంట అనే ఈ మెట్ట ప్రాంతం నుంచి కుర్రకారు బతుకుతెరువు వెతుక్కుంటూ హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై దారి పట్టడం కొత్త సంగతి కాదు. బిడ్డలు డబ్బు పంపుతారు, పండుగకు వస్తారు. కానీ తుంటి ఎముక విరిగిన తల్లిని లేపి కూర్చోబెట్టేదెవరు? పక్షవాతంతో పడిన తండ్రికి గంజి తాగించేదెవరు? పంపిన డబ్బుకు చేతులుండవు గదా!

ఈ అవసరం కోసమే జర్మనీ 1995లోను, జపాను 2000లోను, దక్షిణ కొరియా 2008లోను ప్రత్యేక బీమా పెట్టాయి. జపానులో 40 ఏళ్లు నిండినవారు చందా కడతారు. మంచాన పడితే ఇంటికి మనిషి వచ్చి సేవ చేస్తాడు. మన ప్రభుత్వాలు అలాంటి బీమా ఇంతవరకు పెట్టలేదు. ఆరోగ్య బీమా ఉన్నది గదా అని ధీమా పడితే పొరపాటే. అది ప్రధానంగా ఆసుపత్రి ఖర్చుకు. 70 ఏళ్లు నిండినవారికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ వైద్యం 2024 అక్టోబరులో మొదలైంది. సంతోషమే. అయితే ఇంటికి చేరాక నెలల తరబడి చేయవలసిన ఊడిగం సంగతి అందులో లేదు.

కనుక ఎవరైనా పాలసీ అమ్మవచ్చినప్పుడు ఒక్క ప్రశ్న తప్పక వేయాలి: 'ఇంట్లోనే మంచాన పడి ఉంటే పైసా వస్తుందా? వస్తుందంటే ఎక్కడ రాసి ఉందో చూపించు.' పత్రం చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పి పంపే హక్కు ఉన్నది. నలభై దాటని కూలీలు, చిన్న రైతులు ఆదాయపు పన్ను కట్టనివారైతే అటల్ పింఛనులో చేరవచ్చు. అరవై నిండాక నెలకు 5,000 రావాలంటే 18వ ఏట చేరినవారు నెలకు 210 రూపాయలు, 40వ ఏట చేరినవారు 1,454 కట్టాలి. ఆలస్యానికి ఖరీదెంతో ఈ లెక్కే చెబుతుంది.

వయసు మళ్లినవారికి మిగిలిన ఆసరా పింఛను. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం వృద్ధాప్య పింఛనును 4,000కు, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారి పింఛనును 15,000కు పెంచింది. అర్హులు తెలియక 4,000తోనే సరిపెట్టుకోరాదు. 2025 జనవరిలో 15,000 పింఛనుదారుల అర్హత తనిఖీకి వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. తనిఖీకి గడప తొక్కగలిగినవారు మంజూరుకు మాత్రం ఎందుకు రారాదు? లేవలేని మనిషిని మంచంతో సహా ఆసుపత్రికి మోసుకురమ్మనడం న్యాయం కాదు. అధికారులు ఈ విషయం ఆలోచించాలి.

ఇక మెట్ట రైతు నమ్ముకున్న అసలు బీమా రెండెకరాల భూమి. 'వాడే చూస్తాడులే' అని ఉన్నదంతా కొడుకు పేర దానపత్రం రాసి, ఆనక అన్నానికి వంతులు లెక్కపెట్టుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, పోషించాలనే షరతుతో ఇచ్చిన ఆస్తిని ఆ షరతు తప్పితే రద్దు చేయించవచ్చు. అయితే షరతు ఉన్నట్టు రుజువు చూపాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అదే కోర్టు 2025 జనవరిలో, తల్లిని చూడని కొడుకు పేర ఉన్న దానపత్రం రద్దును సమర్థించింది. అక్కడ కొడుకు ఇచ్చిన రాతపూర్వకమైన మాటే తల్లిని కాపాడింది. కాబట్టి 'నన్ను కడదాకా పోషించాలి' అన్న ఒక్క వాక్యం దస్తావేజులో రాయించుకోవాలి. బతికున్నంత కాలం ఫలసాయం తమదేనని రాయించుకుంటే మరీ మేలు. ఇది బిడ్డల మీద అనుమానం కాదు, ముందుజాగ్రత్త. ఇప్పటికే రాసిచ్చి ఇబ్బంది పడుతున్నవారు పోషణ కోసం ఆర్డీవో వద్ద అర్జీ పెట్టుకోవచ్చు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. కాళ్లలో సత్తువ, చేతిలో సంతకం ఉన్న ఈనాడే ఆ పని జరగాలి. వేలిముద్ర వేసి ఇచ్చేశాక ఎవరిని నిందించి ఏం లాభం?