పోలీసు చర్య కాదు, యుద్ధమే

ఏటా సెప్టెంబరు 17 దగ్గర పడగానే పేరు గురించిన తగవు మళ్లీ లేస్తుంది. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని పార్టీలు చీలిపోతాయి. 2022 నుంచి కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరుపుతుంటే, రాష్ట్ర ప్రభుత్వాలు తమకు నచ్చిన పేరు పెట్టుకున్నాయి. ఇంత తగవులోనూ ఒక్క మాటకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. అది ‘పోలీసు చర్య’. హైదరాబాద్ వ్యవహారం దేశం లోపలి శాంతిభద్రతల సమస్య, కాబట్టి చట్టసభను అడగాల్సిన పనే లేదు అన్న వాదన ఆ మాటలోనే ఇమిడి ఉంది. నేను కాదంటున్నది ఆ వాదననే. హైదరాబాద్ భారత్‌లో కలవడం న్యాయం, రజాకార్ల దౌర్జన్యానికి తెర పడటం అంతకంటే న్యాయం. అయినా జరిగింది యుద్ధం. ప్రజాప్రతినిధుల సభ ముందు తీర్మానం పెట్టి, ఓటు తీసుకుని చేయవలసిన యుద్ధం.

1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ హైదరాబాద్ సంస్థానం సరిహద్దు దాటింది భారత సైన్యం. ముందు ట్యాంకులు, పైన వైమానిక దళం. ఆ దాడికి సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు సికింద్రాబాద్‌లో హైదరాబాద్ సేనాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సేనల అధిపతి జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఆ ఘట్టం ఫొటో ఇప్పటికీ పత్రికల్లో కనిపిస్తుంటుంది. ఎదురెదురుగా నిలబడిన ఇద్దరూ మేజర్ జనరళ్లే, ఇద్దరి ఒంటిమీదా సైనిక దుస్తులే. ఆ తర్వాత చౌధురి మిలిటరీ గవర్నర్‌గా 1949 చివరిదాకా ఇక్కడ పాలన చేశాడు. లొంగిపోయిన సైన్యం, గెలిచిన సైన్యం, సైనిక పాలన అన్నీ ఉన్నప్పుడు దాన్ని పోలీసు పని అనడం భాషకే అన్యాయం.

చట్టసభ సంగతి మన నాయకులకు తెలియనిది కాదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి శాసనసభను మాటమాత్రం అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. కాంగ్రెస్ వాళ్లకు కడుపు మండింది అందుకే. మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ ప్రభుత్వాలన్నీ రాజీనామా చేశాయి. తొమ్మిదేళ్లకు ఆ నాయకులే అధికారంలో ఉన్నారు, సభ కూడా మనదే. 1948 సెప్టెంబరు 7న నెహ్రూ ఆ సభలోనే మాట్లాడాడు. రజాకార్లను రద్దు చేయాలనీ, భారత సేనలు తిరిగి సికింద్రాబాద్ చేరడానికి వీలు కల్పించాలనీ నిజాంను కోరుతున్నట్టు చెప్పాడు. అది ప్రకటన మాత్రమే. తీర్మానం పెట్టి ఉంటే సభ కాదనేదా? కాదనేది కాదు. అందుకే అడగకపోవడం మరీ బాధ కలిగిస్తుంది. ముందే తెలిస్తే శత్రువు జాగ్రత్తపడతాడన్న మాట ఇక్కడ నిలవదు. ఆరు రోజుల ముందే ప్రభుత్వం నిండు సభలో హెచ్చరిక చేసింది కదా.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. నిజాం అప్పటికే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేశాడు. యుద్ధమని ప్రకటిస్తే హైదరాబాద్‌ను పరాయి దేశంగా మనమే ఒప్పుకున్నట్టు అయ్యేదని అంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. అయితే సభ ఆమోదం వేరు, ఎదుటివాడికి దేశ హోదా ఇవ్వడం వేరు. అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ దక్షిణ రాష్ట్రాలను దేశంగా ఏనాడూ గుర్తించలేదు. అయినా తాను ముందే తీసుకున్న సైనిక చర్యలను అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందు పెట్టాడు, 1861 ఆగస్టులో కాంగ్రెస్ వాటిని ఆమోదించింది. మన సభ కూడా ‘సంస్థాన ప్రజల రక్షణకు సైన్యాన్ని వాడటానికి అనుమతిస్తున్నాం’ అని రెండు వాక్యాల తీర్మానం చేసి ఉండవచ్చు.

యుద్ధ ప్రకటనల కాలం చెల్లిందని ఇంకొందరంటారు. నిజమే, అమెరికా కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో. కొరియా, వియత్నాం ప్రకటన లేకుండానే జరిగాయి. 1950లో ట్రూమన్ కొరియా యుద్ధాన్ని పోలీసు చర్య అనడానికే ఒప్పుకున్నాడు. ఆ దారి ఎటు పోతుందో చూశాకే 1973లో కాంగ్రెస్, నిక్సన్ వీటోను తోసిపుచ్చి, ఆమోదం లేని యుద్ధానికి 60 రోజుల గడువు పెట్టింది. మన రాజ్యాంగంలో అలాంటి గడువు లేదు. యుద్ధం, శాంతి కేంద్ర జాబితాలో 15వ అంశం. నిర్ణయం మాత్రం మంత్రివర్గానిదే. అత్యవసర పరిస్థితి ప్రకటిస్తేనే 352వ అధికరణం కింద పార్లమెంటు ఆమోదం కావాలి. కార్గిల్ పోరు నాటికి లోక్‌సభ రద్దయి ఉంది, రాజ్యసభను ప్రత్యేకంగా పిలవమన్నా ప్రభుత్వం పిలవలేదు. పోరు నడుస్తుండగా సభ కూర్చోలేదనే వారికి 1962 నవంబరే జవాబు. చైనా సేనలు సరిహద్దు లోపల ఉండగానే పార్లమెంటు రోజుల తరబడి చర్చించి, 14న తీర్మానం చేసింది.

పేరు ఏదైతేనేం అనుకునే వాళ్లు పండిత్ సుందర్‌లాల్ కమిటీ సంగతి చూడాలి. సైన్యం ప్రవేశించినప్పుడూ ఆ తర్వాతా జరిగిన హత్యలపై విచారించడానికి ఆ కమిటీ 1948 చివర్లో సంస్థానంలో తిరిగింది. రజాకార్ల నేరాలనూ రాసింది, వాళ్లు పోయాక ముస్లింలపై జరిగిన ఘోరాలనూ రాసింది. 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. యుద్ధానికి ఓటు వేసిన సభ్యుడికి, ఆ యుద్ధంలో ఎవరు చచ్చారో చెప్పమని నిలదీసే హక్కూ బాధ్యతా రెండూ ఉంటాయి. 1948లో ఆ ఓటు ఎవరూ వేయలేదు.