జమా–ఖర్చు : బూడిద వేరు, బొగ్గు వేరు

ఈ శీర్షికలో ఎప్పుడూ వడ్డీలు, డిపాజిట్లు, నామినేషన్ల గురించి రాసే నేను ఈసారి బొగ్గు గురించి రాస్తున్నాను. "ఈయనకేమైంది?" అనుకోకండి. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాడికి ఏ విషయమైనా చివరికి జమా–ఖర్చుల్లోకే వచ్చి చేరుతుంది.

మాది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర నీళ్ళు వదిలిన తర్వాత కోస్తా జిల్లాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. నేను ఉద్యోగరీత్యా రాయచూరులో ఉంటున్నాను. సేద్యమంతా మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్యే చూస్తాడు. మొన్న కోతలప్పుడు వెళ్ళాను. హార్వెస్టరు వచ్చి వెళ్ళిన మళ్ళలో సాయంత్రానికల్లా నిప్పు పెట్టేశారు. క్యాంపు చుట్టూ పొగ. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మాకు అన్నం వడ్డించింది. "ఏటా ఈ పదిహేను రోజులూ ఇంతే మరిదీ, రాత్రిళ్ళు దగ్గుతో నిద్ర ఉండదు" అంది.

భోజనాలయ్యాక అన్నయ్య అసలు సంగతి బయటపెట్టాడు. ఎవరో కుర్రాళ్ళు కారులో వచ్చారట. గడ్డినీ, కట్టెనూ బొగ్గు చేసే ఇనుప బట్టీ అమ్ముతారట. ఆ బొగ్గు పొలంలో వేస్తే దిగుబడి పెరుగుతుందట. పైగా విదేశీ కంపెనీలు 'కార్బన్ క్రెడిట్' అని డబ్బులిస్తాయట. బట్టీ ఖరీదు రెండు లక్షల పైచిలుకు. "తమ్ముడూ, దీనికి మీ బ్యాంకు అప్పు ఇస్తుందా?" అని అడిగాడు.

అప్పటికప్పుడు అవుననీ కాదనీ చెప్పలేక నెల రోజులు గడువడిగాను. ఆ నెలలో చదివి, నలుగురినడిగి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు ఒక తేడా తెలియాలి. కట్టెను గాలి బాగా తగిలేలా తగలబెడితే అందులోని కర్బనమంతా బొగ్గుపులుసు వాయువుగా మారి ఆకాశంలో కలుస్తుంది. మనకు మిగిలేది పిడికెడు బూడిద. అదే కట్టెను గాలి సరిగా అందకుండా 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మగ్గబెడితే దాదాపు సగం కర్బనం బొగ్గుగా మిగిలిపోతుంది. ఇలా పొలంలో వేయడానికి చేసిన బొగ్గుకే ఈనాటి పేరు 'బయోచార్'. పేరు కొత్తదే గాని వస్తువు కొత్తది కాదు. మా అమ్మ ఊకపొయ్యి వాడేది. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, సీసా తీసేసి వెలిగించేది. వంట కాగానే నీళ్ళు చల్లితే నల్ల ఊక మిగిలేది. మరిచిపోయి వదిలేసిన రోజున తెల్లారేసరికి తెల్లని బూడిదే. బయోచార్ పాఠమంతా ఆ పొయ్యిలోనే ఉంది.

ఈ కృష్ణా తుంగభద్రల అంతర్వేదిలో నిప్పు మిగిల్చిన గుర్తులు చాలా పాతవి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు ఒక బూడిద దిబ్బను తవ్వాడు. నాలుగు వేల ఏళ్ళకు పూర్వం పశువుల కాపరులు పేడను కాల్చగా ఏర్పడిన దిబ్బ అది. అంతకుముందు ఆయన మన రాయచూరు జిల్లా పిక్లిహాళ్‌లోనూ తవ్వకాలు జరిపాడు. ఇక్కడివాళ్ళకు మిగిలింది బూడిద. అటు దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవి మనుషులకు మిగిలింది బొగ్గు. బొగ్గూ, ఎముకలూ, వంటింటి చెత్తా కలిసి అక్కడ నల్లబడిన నేలలను 'టెర్రా ప్రేటా' అంటారు. వందల ఏళ్ళు గడిచినా అవి చుట్టుపక్కల నేలలకన్నా సారవంతంగానే ఉన్నాయి. శాస్త్రజ్ఞుల దృష్టి బొగ్గు మీద పడింది వాటివల్లే.

నా భాషలో చెప్పాలంటే, గడ్డి తగలబెట్టడం జీతం వచ్చిన రోజే ఖర్చు పెట్టేయడం. కుళ్ళబెట్టి ఎరువు చేయడం సేవింగ్స్ ఖాతా. నాలుగైదేళ్ళలో చాలామటుకు వాడుకుంటాం, అయినా నేలకు మేలే. బొగ్గు చేసి భూమిలో వేయడం ఫిక్సెడ్ డిపాజిట్. సగం కర్బనం మొదటే పోయినా మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వందల ఏళ్ళు కదలదు. బొగ్గుకు ఉండే సన్నని రంధ్రాలు నీటినీ, పోషకాలనూ పట్టి ఉంచుతాయి.

ఇక తయారీ. దీనికి రెండు లక్షలు అక్కర్లేదు. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే 'క్రీడా' వారు 200 లీటర్ల ఇనుప పీపాతోనే బట్టీ చేసి చూపించారు. పత్తి కట్టె, కంది కట్టె అందులో బాగా బొగ్గవుతాయి. పీపా కూడా లేకపోతే నేలలోనే గరాటులాంటి గుంత చాలు. పైన ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. అడుగున చితుకులు వెలిగించి, ఎండిన కట్టె కొంచెం కొంచెంగా వేయాలి. పై వరసకు తెల్లని బూడిద పొర పడుతూండగానే మరో వరస వేయాలి. పై మంట గాలిని వాడేసుకుంటుంది గనుక కింది వరస కాలకుండా బొగ్గవుతుంది. గుంత నిండాక బాగా నీళ్ళు పోసి పూర్తిగా చల్లార్చాలి. పొడి బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకునే నలగగొట్టాలి.

చెప్పినంత తేలిక కాదులెండి. రాయచూరులో మా పెరట్లో నేను చేసిన మొదటి గుంత ఫోను మాట్లాడుతూ నిలబడినందుకు బూడిదైపోయింది. రెండోసారి బొగ్గు బాగానే వచ్చింది. ఆత్రం కొద్దీ పచ్చి బొగ్గునే వంగ మొక్కల పాదుల్లో వేశాను. పది రోజుల్లో ఆకులు పసుపు తిరిగాయి. "పచ్చగా ఉన్న మొక్కల్ని బొగ్గుపాలు చేశారు" అని మా ఆవిడ దెప్పింది. తప్పెక్కడుందో తర్వాత తెలిసింది. ఖాళీ బొగ్గు ముందు తన కడుపు నింపుకుంటుంది, మొక్కకు అందాల్సిన నత్రజనిని తనే పట్టేసుకుంటుంది. అందుకని పేడనీళ్ళలోనో, పశువుల ఎరువులోనో కలిపి రెండు మూడు వారాలు మాగబెట్టాకే వేయాలి. కొట్టంలో పశువుల కింద చల్లితే ఇంకా మంచిది. మూత్రం పీల్చుకుంటుంది, వాసనా తగ్గుతుంది.

ఇక అన్నయ్య లెక్క. ఎకరాకు 75 కిలోల బస్తాలు ముప్పై పండాయనుకుందాం. ధాన్యం రెండుంపావు టన్నులు. గడ్డి కూడా రమారమి అంతే. అంతా బొగ్గు చేసినా వచ్చేది అర టన్ను పైచిలుకు. పొలంలో ప్రభావం కనిపించాలంటే ఎకరాకు కనీసం రెండు టన్నులు వేయమంటారు. అంటే నాలుగు పంటల గడ్డి ఒక్క ఎకరానికే సరిపోతుంది. మరి పశువులేం తినాలి?

రెండో సంగతి నేల. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఉష్ణమండల దేశాల్లో బయోచార్ వల్ల దిగుబడి సగటున 25 శాతం దాకా పెరిగిందని తేలింది. ఆ లాభం ఎక్కువగా ఆమ్ల గుణమున్న, సారం తక్కువ నేలల్లో. బొగ్గుకు సహజంగా క్షారగుణం ఉంటుంది. మన కాలువ కింది నల్లరేగడి అసలే క్షారం, చాలాచోట్ల చౌడు తేలింది కూడా. అక్కడ బొగ్గు వేయడం ఉప్పెక్కువైన కూరలో మళ్ళీ ఉప్పు వేసినట్లే కావచ్చు. భూసార పరీక్ష లేకుండా వేయకూడదు. రాయచూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉంది, అడిగితే పోయేదేముంది?

మూడోది కార్బన్ క్రెడిట్. ఇది గాలి మాట కాదు. 2025 జనవరిలో గూగుల్ సంస్థ 'వరాహ' అనే మన దేశపు కంపెనీ దగ్గర బయోచార్ ద్వారా లక్ష టన్నుల క్రెడిట్లు కొంటామని ఒప్పందం చేసుకుంది. కాని అర టన్ను గడ్డి బొగ్గుకు లెక్క కడితే ముప్పాతిక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానం. తూకాలు, పరీక్షలు, ధ్రువపత్రాలు, మధ్యవర్తి వాటా అన్నీ పోను ఒక్క రైతుకు మిగిలేదానితో రెండు లక్షల అప్పు తీరదు. పదిమంది రైతులు కలిస్తేనో, ఊక దండిగా ఉండే రైసుమిల్లు పూనుకుంటేనో ఆలోచించవచ్చు.

గడువు తీరాక వెళ్ళి అన్నయ్యకు ఇదంతా చెప్పాను. "అప్పు ఇప్పించను. ఇప్పిస్తే నీ తమ్ముణ్ణి కాను" అన్నాను. కాసేపు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత ఆయనే గట్టు పక్కన గుంత తవ్వించాడు. బళ్ళారి జాలి అని ఇక్కడివాళ్ళు పిలిచే సర్కారు తుమ్మ కంపకు కొదవ లేదు, పత్తి కట్టె సరేసరి. ఎత్తు మీదున్న ఎర్రనేల చెక్కలో మిరప వేసి, నాలుగు సాళ్ళకు మాగిన బొగ్గు వేశాడు, పక్క నాలుగు సాళ్ళు వట్టి పశువుల ఎరువుతో వదిలాడు. బొగ్గు వేసిన సాళ్ళు నీటి తడికి ఒకరోజు ఎక్కువ ఆగుతున్నాయని ఆయన అంటున్నాడు. ఒక్క పంటతో తీర్పు చెప్పలేం. రెండు మూడేళ్ళు లెక్క రాయమని నోటుపుస్తకం ఇచ్చి వచ్చాను.

గడ్డి మాత్రం తగలబెట్టలేదు. యంత్రంతో కట్టలు కట్టించి పాడి రైతులకు అమ్మాడు. కూలీ, యంత్రం బాడుగా పోను మిగిలింది స్వల్పమే. అయితే మొన్న వదిన ఫోనులో అన్న మాట ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియలేదు. "మన మడి వరకే అయినా, ఈసారి పొగ కొంచెం తగ్గింది మరిదీ. రెండు రాత్రులు నిద్రపోయాను" అంది.

వచ్చే సంచికలో పెన్షన్ల గురించి. అంతవరకు సెలవు.