కారం దోశ తినడానికీ కులం అడిగితే (14వ భాగం)



ప్రొద్దుటూరు కారం దోశ మీద రీళ్లకు లెక్కలేదు. జంటలు వస్తారు, తింటారు, ఫోటో దిగి పోతారు. మంచిదే. అదే బల్ల దగ్గర మాదిగ పిల్లోడు, పెళ్లి చేసుకున్న పెద్దకులం పిల్ల కూచుంటే? దోశ కంటే ముందు "ఏ ఊరు, ఎవురోళ్లు?" వస్తుంది. అడిగేది హోటలాయన కాదులే, ఆయనకు బిల్లు చాలు. పక్క బల్లోడు అడుగుతాడు. చెయ్యి కడుక్కునేలోపు జమ్మలమడుగుకో పులివెందులకో ఫోను పోతుంది.

హోటళ్లలోకి పోయే హక్కు రాజ్యాంగం 15(2) అధికరణంలో 1950 నుంచీ ఉంది. లోపలికి పోతాం సరే, ఇద్దరూ ప్రాణాలతో ఇల్లు చేరేదెట్ల? మిర్యాలగూడలో ప్రణయ్‌ని 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి బయటే, గర్భిణి భార్య పక్కనే నరికారు. సరూర్‌నగర్‌లో నాగరాజును 2022 మే 4 రాత్రి నడిరోడ్డు మీద భార్య కళ్లెదుటే చంపారు. ఇద్దరూ జంటగా బయటికొచ్చినోళ్లే.

శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 27న ఇలాంటి జంటల కోసం జిల్లాకో ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టమంది. కడప జిల్లా అధికారులారా, ఆ నంబరు ప్రొద్దుటూరు బస్టాండులో, ప్రతి హోటలు గల్లాపెట్టె పక్కన రాయించండి.