నిప్పూ, నీరూ, మిస్సమ్మ

పిల్లల బొమ్మల సినిమా సూటిగా చెప్పే మాటను మన ప్రేమకథలు డెబ్బై ఏళ్ళుగా దాటేస్తున్నాయి

వారమంతా ప్రెస్‌మీట్లు, పార్టీ ఆఫీసుల మెట్లు, అసెంబ్లీ లాబీలు. అవన్నీ అయ్యాక ఆదివారం సినిమా చూడాలంటే నావి రెండే షరతులు. ఎవరూ చావకూడదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదు. ఈ లెక్కన వడపోస్తే చివరికి మిగిలేవి రెండు రకాలు: నవ్వించే ప్రేమకథలు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే యానిమేషన్ సినిమాలు. సినీ పండితులు ఈ రెంటినీ కాలక్షేపం బఠాణీల కింద జమకడతారు. నాకేమీ పేచీ లేదు. నేను వెళ్ళేదే బఠాణీల కోసం.

అయితే ఈ మధ్య మా అక్కయ్య ఇంట్లో ఒక శనివారం రాత్రి, మర్నాడు మధ్యాహ్నం వరసగా చూసిన రెండు సినిమాలు నన్ను కాస్త ఇబ్బంది పెట్టాయి. మొదటిది పిక్సార్ వారి ‘ఎలిమెంటల్’ (2023). ఎంపిక తొమ్మిదేళ్ళ మా మేనకోడలిది. రెండోది విజయా వారి ‘మిస్సమ్మ’ (1955). ఎంపిక మా అమ్మది. మధ్యలో నేను.

‘ఎలిమెంటల్’ను పిల్లల సినిమా అంటారు కానీ అది నూటికి నూరుపాళ్ళు ప్రేమకథ. ఒక నగరంలో నిప్పు మనుషులు, నీటి మనుషులు, గాలి మనుషులు, మట్టి మనుషులు ఉంటారు. నిప్పు వాళ్ళు అందరికన్నా ఆలస్యంగా వలస వచ్చినవాళ్ళు. వాళ్ళ పేట వేరు, కొట్లు వేరు. ఎంబర్ అనే నిప్పు అమ్మాయి తండ్రి కష్టపడి కట్టుకున్న కొట్టును రేపోమాపో చేతిలోకి తీసుకోవాలి. ఇంతలో వేడ్ అనే నీటి కుర్రాడు తగులుతాడు. అయిందానికీ కానిదానికీ కన్నీళ్ళు పెట్టుకునే రకం. నిప్పు పిల్ల నిప్పునే చేసుకోవాలని నాయనమ్మ పోతూ పోతూ మాట తీసుకుంది. ఇంతకంటే తెలుగు కథ ఏముంటుంది?

ఈ సినిమా దర్శకుడు పీటర్ సోన్ తల్లిదండ్రులు కొరియా నుంచి న్యూయార్క్‌కు వలస వెళ్ళి కిరాణా కొట్టు నడిపినవారు. కథలోని కొట్టు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇందులో తండ్రి దుర్మార్గుడు కాడు. కూతురి కోసం ఊరు వదిలి, అవమానాలు దిగమింగినవాడు. అడ్డం వచ్చేది అతని కోపం కంటే అతని త్యాగం. ప్రేమించిన ఆడపిల్ల గుండెల మీద కుంపటిలా కూర్చునేది సాధారణంగా అదే.

మా మేనకోడలు మధ్యలో అడిగింది: “మామయ్యా, ఆ నాన్నకెందుకంత కోపం?” నేను జవాబు వెతుక్కునేలోపు మా అమ్మ అందుకుంది: “నిప్పూ నీరూ ఎక్కడైనా కలుస్తాయటే? కోపం రాకేం చేస్తుంది!” తెర మీద మాత్రం ఆ ఇద్దరూ భయం భయంగా చేతులు తాకించి చూశారు. అతడు ఆవిరి కాలేదు, ఆమె ఆరిపోలేదు. అమ్మ మాట్లాడలేదు.

మర్నాడు ‘మిస్సమ్మ’. ఎన్నిసార్లు చూసినా చేదెక్కని సినిమా. అప్పాపురం జమీందారు బడికి డిగ్రీ చదివిన భార్యాభర్తలు టీచర్లుగా కావాలి. ఉద్యోగం లేని ఎం.టి. రావు (ఎన్టీ రామారావు), అప్పుల వాడి బెడద తప్పించుకోవాల్సిన మేరీ (సావిత్రి) మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి చేరతారు. అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు. పెళ్ళికాని ఇద్దరిని ఒకే కప్పు కింద పెట్టి, అందులో ఒకరిని వేరే మతం మనిషిని చేసి, ఊరంతటి చేతా నవ్వించడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. ఎల్.వి. ప్రసాద్, చక్రపాణి చేసి చూపించారు.

చివర్లో ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకు చెప్పనవసరం లేదు. మేరీ నిజానికి మేరీ కాదు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి పెద్దకూతురు మహాలక్ష్మి. డిటెక్టివ్ రాజు (నాగేశ్వరరావు) ఆ గుట్టు విప్పుతాడు. దాంతో మతం చిక్కు దూదిపింజలా ఎగిరిపోతుంది. అందరూ సంతోషించారు, మా అమ్మతో సహా. ఒక్క మా మేనకోడలికే అనుమానం వచ్చింది: “ఒకవేళ ఆవిడ మహాలక్ష్మి కాకపోతే పెళ్ళి చేసేవాళ్ళు కాదా?”

“అయిందిగా, ఇంకా ఎందుకూ!” అంది అమ్మ.

ఆ ప్రశ్నకు చట్టంలో జవాబుంది. వేర్వేరు మతాల వాళ్ళు మతం మార్చుకోకుండానే పెళ్ళాడేందుకు వీలు కల్పించే ప్రత్యేక వివాహ చట్టాన్ని పార్లమెంటు 1954లో చేసింది. అది అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. ‘మిస్సమ్మ’ విడుదలైంది అదే నెల 12న. అంటే ఎం.టి. రావు, మేరీ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి మేరీని మేరీగానే ఉంచి పెళ్ళి చేసుకోవచ్చు. చట్టం సిద్ధంగా ఉంది, ప్రేక్షకులు సిద్ధంగా లేరని నిర్మాతలు అనుకున్నారు. వాళ్ళ అంచనా తప్పని అనలేం.

ఇక్కడే నాకు ఒక పచ్చటి రాక్షసుడు గుర్తొచ్చాడు. ‘ష్రెక్’ (2001). ఉత్తమ యానిమేషన్ చిత్రానికి ఆస్కార్ పెట్టాక మొట్టమొదట గెలిచింది అదే. అందులో రాకుమారి ఫియోనా పగలు అందగత్తె, రాత్రి రాక్షసి. అసలైన ప్రేమ ముద్దుతో శాపం తీరుతుంది. అందగత్తెగా మిగులుతుందని ఆమె అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. తీరా చూస్తే శాశ్వతంగా రాక్షసిగా మారుతుంది. ష్రెక్‌కు అలాగే బాగుంటుంది. ‘మిస్సమ్మ’ ముగింపును తిరగేస్తే ‘ష్రెక్’ ముగింపు వస్తుంది. ఒక కథలో పెళ్ళి కావడానికి అమ్మాయి మన మనిషై తీరాలి. రెండో కథలో ఎలా ఉన్నదాన్ని అలాగే ఒప్పుకుంటారు. మొదటిది పెద్దల కోసం తీశారు, రెండోది పిల్లల కోసం.

నిజానికి పెద్దల సంగతులు పిల్లల సినిమాల్లోకి ఎప్పుడో వలస వెళ్ళాయి. ‘అప్’ (2009) మొదట్లో కొన్ని నిమిషాల పాటు దాదాపు మాటలే ఉండవు. ఆ కాసేపట్లో ఒక పెళ్ళి, బిడ్డలు కలగని దిగులు, వృద్ధాప్యం, భార్య మరణం అన్నీ అయిపోతాయి. ‘ఇన్‌సైడ్ అవుట్’ (2015) దుఃఖం కూడా మనిషికి అవసరమేనని చెబుతుంది. ‘కోకో’ (2017) చచ్చిపోయిన వాళ్ళను తలచుకోకపోతే ఏమవుతుందో చెబుతుంది. పిల్లలు వీటికి బెదిరిపోరు. పక్కన కూర్చున్న మనమే కళ్ళజోడు తుడుచుకుంటాం.

మన ప్రేమకథల సంగతి చూడండి. ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001)లో అడ్డం వచ్చేది తండ్రుల స్నేహం, అమ్మాయికి ముందే కుదిరిన సంబంధం. ‘బొమ్మరిల్లు’ (2006)లో చొక్కా రంగు నుంచి పెళ్ళి దాకా తనే నిర్ణయించే తండ్రి. రెండూ మంచి సినిమాలే. ఇప్పుడు వేసినా కూర్చుని చూస్తాను. కానీ మన ఇళ్ళలో ప్రేమ సంగతి బయటపడగానే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? “ఎవరు వాళ్ళు?” ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం. ఇరవైకి ఒకటి. తెర మీద మాత్రం ఇరవైకి ఇరవై జంటలూ కులం ఊసెత్తకుండానే ఒకటవుతాయి. చాలా సినిమాల్లో హీరోకు ఇంటిపేరే ఉండదు.

కులం అసలు సినిమాల్లోకి రాలేదని కాదు. మరాఠీలో ‘సైరాట్’ (2016) వచ్చింది. తెలుగులో ‘కలర్ ఫోటో’ (2020), ‘ఉప్పెన’ (2021), ‘లవ్ స్టోరీ’ (2021) వచ్చాయి. కానీ ఒక తేడా గమనించండి. కులం కనిపించే కథలో రక్తమో కన్నీళ్ళో తప్పవు. కులం మాట రాగానే నవ్వు ఆగిపోవాలనేది మన సినిమాల్లో అప్రకటిత నిబంధన. ‘సైరాట్’ను హిందీలో ‘ధడక్’ (2018)గా తీసినప్పుడు కులాన్ని వీలైనంత పలచన చేశారు. విషాదం మాత్రం ఉంచారు.

ఇదేదో సాంకేతిక తేడా కాదు. ఇలాంటి ప్రేమకు చావే గతి అని విషాదాంతం ఎంత గొప్పగా చెప్పినా, అమ్మాయిని చదువుకు పంపే తల్లిదండ్రుల చెవికి అది హెచ్చరికలాగే వినపడుతుంది. హాస్యకథ అలా కాదు. పెళ్ళవుతుంది, అలకలుంటాయి, మనవడు పుట్టాక తాతగారు మెత్తబడతారు, మర్నాడు మామూలుగా తెల్లవారుతుంది అంటుంది. ఒక విషయం మామూలైపోయిందనడానికి దాని మీద హాయిగా నవ్వుకోగలగడమే గుర్తు.

ఆ పని చేసిన తెలుగు సినిమా ఒకటుంది: వివేక్ ఆత్రేయ తీసిన ‘అంటే సుందరానికీ’ (2022). నాని ఆచారవంతుల బ్రాహ్మణ కుటుంబంలో కుర్రాడు. నజ్రియా క్రైస్తవ అమ్మాయి లీలా థామస్. పెద్దల్ని ఒప్పించడానికి ఇద్దరూ చెరో పెద్ద అబద్ధం ఆడి, అందులోనే ఇరుక్కుంటారు. ‘మిస్సమ్మ’లోనూ అబద్ధమే, ఇక్కడా అబద్ధమే. కానీ 67 ఏళ్ళ తర్వాత వచ్చిన ఈ కథలో లీల ఎవరి తప్పిపోయిన కూతురూ కాదు. మొదట్లో ఎవరో చివరికీ ఆమె ఆమే. సినిమా కాస్త సాగింది, మూడు గంటలకు కొంచెమే తక్కువ. ఆశించినంత ఆడలేదు. ఇందులో నా పాపమూ ఉంది. ఉపన్యాసం ఇస్తారేమోనని భయపడి నేనూ హాలుకు వెళ్ళలేదు. తర్వాతెప్పుడో ఇంట్లో చూసి నవ్వుకున్నాను, టికెట్ కొననందుకు సిగ్గుపడ్డాను.

బొమ్మల సినిమాలకు ఒక వెసులుబాటు ఉందన్నది నిజమే. నిప్పు మనుషుల మనోభావాలు దెబ్బతిన్నాయని హాళ్ళ ముందు ధర్నా చేసే సంఘం ఏదీ లేదు. అయితే ఆ వెసులుబాటులోనే ఒక లోపమూ ఉంది. నిప్పూ నీరూ ప్రకృతిలోనే వేరు. ‘జూటోపియా’ (2016)లో పులికీ కుందేలుకీ ఉన్న భయానికి పాత కారణం ఉంది. వాటి మధ్య అనుమానం ఉంటే అర్థం చేసుకోవచ్చు. ఒకే ఊళ్ళో, ఒకే బావి నీళ్ళు తాగి, ఒకే భాష మాట్లాడే ఇద్దరి మధ్య ఆపాటి కారణం కూడా లేదు. మా అమ్మ అన్న మాట నిప్పుకూ నీటికీ వర్తిస్తుంది. మనుషులకు వర్తించదు. అందుకే ఈ కథను బొమ్మలతో చెబితే సరిపోదు. మనుషులతోనే చెప్పాలి.

మన యానిమేషన్‌కు ఈ గొడవే లేదు. ‘హనుమాన్’ (2005) నుంచి ‘మహావతార్ నరసింహ’ (2025) దాకా హాళ్ళలో నెగ్గినవి ఎక్కువగా పురాణ కథలు. మధ్యలో హైదరాబాద్ స్టూడియోలో పుట్టిన ‘ఛోటా భీమ్’ బుల్లితెరను ఏలాడు. మన స్టూడియోల్లో పనిమంతులకు కొదవ లేదు. వాళ్ళ చేతికి ఇంటి గొడవల కథలిచ్చే నిర్మాతలే అరుదు. అయితే పురాణాన్ని తీసిపారేయడానికి లేదు. ప్రహ్లాదుడి కథ ఏమిటి? కొడుకు తను వద్దన్నవాణ్ణి మనసులో పెట్టుకున్నాడని, పరువు పోయిందని, చంపించబోయిన తండ్రి కథ. హాల్లో పిల్లలెవరికీ సందేహం రాదు. ఆ తండ్రే రాక్షసుడని వెంటనే గుర్తుపడతారు.

పెద్దలకే చూపు మందగిస్తుంది. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ ఆరున్నరేళ్ళలో టీవీ చర్చల్లోనూ టీ కొట్ల దగ్గరా “కన్నవాళ్ళ బాధ కూడా చూడాలి కదా” అన్న మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. హిరణ్యకశిపుడి బాధ కూడా చూడాలి కదా అని ఏ పిల్లవాడూ అనలేదు.

నా ఆదివారం షరతుల్లో మార్పేమీ లేదు. ఎవరూ చావకూడదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదు. కాకపోతే ఒక సినిమా బాకీ ఉందంటున్నాను. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళాడాలంటే నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు. చిన్న ఊళ్ళో రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద ఇద్దరి పేర్లు. ఆ వైపు స్టాంపు కాగితాల కోసం వచ్చే బాబాయి, ఈసీ కోసం వచ్చే పక్కింటాయన, నోటీసు మీద క్యాలెండరు తగిలించి ఆదుకునే అటెండరు. ముప్పై రోజులు, రెండు కుటుంబాలు, ఊరినిండా గూఢచారులు. ఇంతకంటే నవ్వించే కథ ఎక్కడ దొరుకుతుంది? చివర్లో అమ్మాయి ఎవరి తప్పిపోయిన కూతురూ కాకుండా చూసుకుంటే చాలు. ఈసారి హాల్లోనే చూస్తాను. మా అమ్మనూ తీసుకెళ్తాను.