టోపీ కావాలి, భాష వద్దా?

మొన్న యాప్రాల్‌లో ఒక బడి వార్షికోత్సవం చూశాను. ముఖ్య అతిథికి స్వాగతం పలకడానికి పిల్లల నెత్తిన అట్టతో చేసిన నెమలీకల టోపీలు పెట్టారు. సినిమా పాట పెట్టి ఎగిరించారు. మైకులో దానికి ‘గుస్సాడి’ అని పేరు. పిల్లలను నేనేమీ అనను. నేర్పినవాళ్లతోనే నా పేచీ.

గుస్సాడి అంటే వేషం కాదు. దండారీ రోజుల్లో మన రాజ్‌గోండులు, కొలాములు ఏత్మాసుర్ పేన్‌ను కొలిచి టోపీ ఎత్తుకుంటారు. ఒళ్లంతా బూడిద, చేతిలో రోకలి, భుజాన తోలు, నడుముకు గజ్జెలు. దీక్షలో ఉన్నన్నాళ్లు స్నానం ఉండదు. నిన్నటిదాకా మన పక్కన దున్నినవాడే ఆ రోజుల్లో దేవుడు పూనినవాడు. పెద్దలు కూడా అతని కాళ్లు మొక్కుతారు. అట్లాంటివాణ్ణి తీసుకొచ్చి మంత్రిగారి కారు ముందు నడిపిస్తే, ఎవరు ఎవరికి మొక్కినట్టు?

కనకరాజు కూడా స్టేజీ ఎక్కలేదా అంటారు. ఎక్కాడు. జైనూర్ మండలం మార్లవాయి మనిషి, ఇందిరాగాంధీ కాలంలోనే ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో ఆడాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో పోయాడు. కానీ ఆయన ఢిల్లీ నుంచి తిరిగొచ్చి తన ఊరి దండారీలోనే నిలబడ్డాడు, ఎందరో కుర్రాళ్లకు అడుగు నేర్పాడు. ఏది ప్రదర్శనో ఏది మొక్కో ఆయనకు తెలుసు. రెండు లోకాల్లో బతకడమంటే అది. నెత్తిన అట్టముక్క పెట్టుకుంటే అది రాదు.

ఆ మార్లవాయిలోనే ఇంకొకటి జరిగింది, మనం టీచర్లం మరిచిపోకూడనిది. జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తర్వాత, 1940ల్లో, హైమన్‌డార్ఫ్ అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. గోండిలో వాచకాలు వచ్చాయి. దేవనాగరి లిపిలోనైనా సరే, మన మాట పుస్తకంలోకి ఎక్కింది. ఎనభై ఏళ్ల తర్వాత నేటి బడికి మన టోపీ కావాలి, మన భాష అక్కర్లేదు. ఒకటో తరగతి బిడ్డ గోండిలో నీళ్లడిగితే అర్థంకాక ముఖం చూసే టీచరే, ఆగస్టు 9న అదే బిడ్డకు గజ్జెలు కడతాడు!

చట్టం సంగతి కూడా చూడండి. గుస్సాడి భుజాన జింకతోలు ఉంటే స్టేజీ మీద చప్పట్లు. అదే తోలు గుడిసెలో దొరికితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. జింకను చంపమని నేననడం లేదు, చాలామంది ఇప్పుడు మేకతోలే వాడుతున్నారు. మన వస్తువు మన ఇంట్లో నేరమై, వాళ్ల వేదిక మీద అలంకారం ఎట్లా అయిందని అడుగుతున్నాను.

యాప్రాల్‌లో మిలిటరీ కుటుంబాలు చాలా. పంజాబీలు, మలయాళీలు, ఇంట్లో ఒక భాష, గేటు దాటితే మరొకటి. వాళ్లను ఎవరూ మీ పెళ్లిబట్టలు కట్టుకొచ్చి అతిథి ముందు ఆడమని అడగరు. హాస్టల్లో చదివే మన పిల్లలనే అడుగుతారు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకు ఇష్టం లేకపోతే ఆడమని చెప్పండి. ‘మా ఊరి పటేల్‌ను అడగాలి సార్’ అన్నా చాలు.

టీచర్లకు నా మాట ఒక్కటే. ఈ దీపావళి సెలవుల్లో పిల్లలను దండారీ ఉన్న గూడేనికి తోలుకెళ్లండి. టోపీ ఎవరు ముట్టాలో, ఎప్పుడు దించాలో పటేల్ చెప్తాడు. గోండిలోనే చెప్తాడు, పక్కన అర్థం చెప్పగల బిడ్డను కూర్చోబెట్టుకోండి.